గురువారాల చిన్నమ్మ

పోయిన వారం బ్యాంకులో మధ్యాహ్నం జనం పలచబడ్డాక ఫోన్ తీసి చూస్తే, తెలియని నంబరు నుంచి కాల్ వచ్చి ఉంది. తిరిగి చేశాను.

"మేడం, మా వదిన పోయింది" అన్నాడు అవతలి మనిషి. గొంతు పోల్చుకోవడానికి కొంచెం సేపు పట్టింది. చిన్నమ్మ మరిది. "నిద్రలనే పోయింది. ఏం తక్లీఫ్ పడలే. మీకు చెప్పాలెనని మా అన్న ఒక్కటే తీరు అంటుండు. వదిన ఫోన్‌ల మీ నంబరు ఏ పేరు మీదున్నదో మాకు తెల్వలే. ఇయ్యాల దొరికింది. 'హోటల్ బిడ్డ' అని రాసుకుంది."

ఫోన్ పెట్టేశాక ముందు ఏడుపు రాలేదు. ఆకలి వేసింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా నిజం అదే. ఆమె గుర్తొస్తే నాకు ఎప్పుడూ ముందు ఆకలే వేస్తుంది. లంచ్ బాక్స్ తెరిచి, రెండు ముద్దలు పెరుగన్నం తిన్నాక అప్పుడు ఏడ్చాను.

ఆమె దోసెను మధ్యలోంచి తినేది. మనమంతా అంచు నుంచి మొదలుపెడతాం కదా. ఆమె నేరుగా నడిమి భాగంలో, ఎర్రగా కాలి నూనె మెరిసే చోట, వేళ్లతో గుచ్చి తుంచేది. దోసె మధ్యలో గుండ్రటి చిల్లు పడి, చుట్టూ అంచు మిగిలేది. ఎందుకలా అని అడిగితే, "అంచులు ఇంట్ల మస్తుగ తిన్న బిడ్డా. మాడినయి, ఇరిగినయి అన్ని నావే. ఈడ నడుమకెల్లి తింట" అంది.

నేనప్పుడు బ్యాంకు పరీక్షల కోచింగ్ కోసం తెనాలి వైపు నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్లో ఉండేదాన్ని. హాస్టల్ ఉప్మా మీద నాకు పెద్ద కోపమేమీ లేదు కానీ, రోజూ ఎదురుపడితే ఎవరితోనైనా మాట తగ్గుతుంది. అందుకని వారానికోసారి బస్టాపు వెనక సందులో ఉన్న వెజిటేరియన్ హోటల్‌కి వెళ్లేదాన్ని. గ్రానైట్ బల్లలు, గోడ మీద మెనూ బోర్డు, కౌంటర్ దగ్గర సోంపు గిన్నె, వంటగదికీ హాలుకీ మధ్య ప్లేట్లు అందించే పెద్ద కిటికీ. అంతకంటే విశేషం ఏమీ లేదు. గురువారం పొద్దున మాత్రం అక్కడ కాలు పెట్టడానికి సందుండదు. సాయిబాబా గుడికి వచ్చినవాళ్లలో సగం మంది దర్శనం కాగానే అక్కడే తేలతారు.

అలాంటి ఒక గురువారం, నలుగురు కూర్చునే బల్ల ముందు ఒకావిడ ఒక్కతే కనిపించింది. మిగతా కుర్చీలు ఖాళీ. చోటు కోసం నిలబడ్డ మగవాళ్లు ఆ బల్ల వైపు చూస్తున్నారు కానీ ఒంటరి ఆడమనిషి ఎదురుగా కూర్చోవడానికి మొహమాటపడుతున్నారు. 

"ఇక్కడ ఎవరైనా వస్తారాండీ, ఆంటీ?" అని అడిగాను.

"ఎవ్వలు రారు, కూసో" అంది ఆమె. "ఎవరన్న వచ్చి కూసుంటే బాగుండునని నేనే సూస్తున్న. ఒక్కదాన్ని కూసుంటే, ఇంట్లకెల్లి అలిగొచ్చినదాన్ని సూసినట్టు సూస్తుండ్రు."

యాభైకి కాస్త ఇటుగా ఉంటుంది వయసు. నుదుట విభూతి, దాని కింద పెద్ద బొట్టు. ఒంటి మీద పోచంపల్లి నూలు చీర, ఉతికి ఉతికి మెత్తబడింది. ముంజేతుల మీద పోపు చిట్లిన మచ్చలు అక్కడక్కడా. ప్రసాదం కవరు పక్క కుర్చీలో ఒక మనిషిని కూర్చోబెట్టినట్టు పెట్టుకుంది.

నా ఇడ్లీ వచ్చింది. అలవాటు ప్రకారం నోట్సు తెరిచి పక్కన పెట్టుకుని తినడం మొదలుపెట్టాను. ఆమె నా నోట్సు వైపు చూసింది.

"బిడ్డా, ఒక్క మాట అంటే ఏమనుకోవు గదా?"

"చెప్పండి ఆంటీ."

"పుస్తకం జర మూస్కో. ఇడ్లీ నీ కోసం అచ్చింది, దాని దిక్కు సూడకుంట మింగితే దానికెట్లుంటది? ఇంకోటి, ఆంటీ అనకు. ఆంటీ అంటే ఎదురింటామెను పిలిచినట్టుంటది. చిన్నమ్మ అను."

నేను నోట్సు మూశాను. ఆ తర్వాత ఆమె పేరు తెలుసుకునే అవసరం నాకు రాలేదు. నా పేరు ఆమెకు చెప్పాను కానీ ఒక్కసారి కూడా పలికినట్టు గుర్తులేదు. నేను బిడ్డను, ఆమె చిన్నమ్మ.

మరుసటి గురువారం ఆ బల్ల దగ్గరికే వెళ్లాను. ఆమె ప్రసాదం కవరు ఎదుటి కుర్చీలో పెట్టి నాకోసం సీటు ఆపింది. అలా మొదలైంది.

వాళ్లది కొత్తపేటలో ఉమ్మడి ఇల్లు. పోచంపల్లి పక్క ఊరి మగ్గాల ఇంటి నుంచి వచ్చి, చీరల వ్యాపారంలో స్థిరపడిన అన్నదమ్ములు. ఆమె పెద్ద కోడలు. పొద్దున స్కూలుకు పోయే పిల్లలు, షాపుకు పోయే మగవాళ్లు, ఊరి నుంచి చీరలు తెచ్చే చుట్టాలు, మంచం మీద నుంచే ఇల్లంతా నడిపే అత్త. అందరి తిండీ ఆమె చేతి మీదుగానే. ఇది ఆమె ఫిర్యాదుగా చెప్పలేదు. "నా వంటకు పేరుంది బిడ్డా. మా ఇంట్ల దావతంటే వేరే వంటోళ్లను పిలవరు" అని గర్వంగానే చెప్పింది. "గని వండినోళ్లకు ఆకలి సచ్చిపోతది. వాసనతోనే కడుపు నిండుతది. అందరు తిన్నంక నాకు మిగిలేది అన్నమే, ఆకలి మిగలది."

హోటల్లో ఆమెకు కొన్ని పద్ధతులుండేవి. వంటగది కిటికీ కనిపించేలా కూర్చోవాలి. తన ప్లేటు ఆ కిటికీలోంచి బయటికి రావడం, సర్వర్ చేతిలో బల్లల మధ్య నుంచి నడిచి రావడం, తన ముందు దిగడం, ఇదంతా చూడాలి. పెళ్లికొడుకు ఊరేగింపు చూసినంత శ్రద్ధగా చూసేది. ప్లేటు దిగగానే వేళ్ల వెనక వైపు ఆనించి వేడి చూసేది. పొగ రాకపోతే, కోపం లేకుండానే, "అన్నా, ఇది జర పొయ్యిని యాదికి తెచ్చుకొని రావాలె" అని వాపసు పంపేది. తెచ్చిన సర్వర్‌ను ప్రతిసారీ "నువ్వు తిన్నవా?" అని అడిగేది. "డ్యూటీ అయినంక తింటనమ్మా" అనేవాడతను. ఆమె తల ఊపేది. ఆ సమాధానం ఆమెకు బాగా తెలిసిన సమాధానం.

వంటలో అంత పేరున్న మనిషి హోటల్ తిండికి ఎప్పుడూ వంక పెట్టలేదు. నాకదే ఆశ్చర్యం. ఒకరోజు సాంబారు ఉప్పు కషాయంగా ఉంది. నేను మొహం ముడిచి, "ఇదేంటి చిన్నమ్మా, ఇంత ఉప్పేశాడు, అడుగుదాం ఉండండి" అన్నాను.

ఆమె ఇంకో చెంచా తాగి, హాయిగా నవ్వింది. "ఎక్కువే అయ్యింది. గని నేను ఎయ్యలే గదా. మా ఇంట్ల ఉప్పెక్కువైతే నాకు గుండె దడదడ కొట్టుకుంటది, ఎవరేమంటరోనని. ఈడ ఎంతెక్కువైనా నాకేం భయం?"

మెనూ బోర్డులో సగం ఇంగ్లీషులో ఉండేది. తెలుగు ఆమెకు బాగానే వచ్చు. ఇంగ్లీషు భాగం నాచేత చదివించుకునేది. వారానికి ఒకటి, ఇంతవరకు తిననిది తెప్పించుకోవాలని పెట్టుకుంది. చోలే బటూరా తెప్పించుకున్న రోజు, బంతిలా ఉబ్బిన ఆ పూరీని చూసి చిన్నపిల్లలా నవ్వడం మొదలుపెట్టింది. పొడవడానికి మనసు రాలేదు. అది దానంతటదే మెల్లగా కూలిపోయేదాకా చూస్తూ నవ్వుతూనే ఉంది. పక్క బల్లవాళ్లు కూడా నవ్వారు. మంచూరియా మాత్రం ఆమెకు అర్థం కాలేదు. "కూర అందామంటే కూర గాదు, బజ్జీ అందామంటే బజ్జీ గాదు. పాపం, ఏం గావాల్నో దానికే తెల్వదు" అని, అయినా ఒక్క ముక్క మిగల్చలేదు.

తిన్నాక వెంటనే లేచేది కాదు. ఎదురుచూసేవాళ్లు కనిపిస్తున్నా సరే, కాసేపు కూర్చోవాలి. "తిన్నంక కూసునుడు గూడ తినుట్లనే లెక్క" అనేది. 

అసలు ఈ హోటల్ అలవాటు ఎలా మొదలైందో ఒక వానాకాలం పొద్దున చెప్పింది. ఒక గురువారం ఉపవాసంతో దర్శనానికి వచ్చి, గుడి బయట కళ్లు తిరిగి కూలబడిందట. ముక్కూ మొహం తెలియని ఒకావిడ చెయ్యి పట్టుకుని తెచ్చి ఇక్కడ కూర్చోబెట్టి, ఇడ్లీ చెప్పి, బస్సు వస్తోందని వెళ్లిపోయిందట.

"ఇగ నేనొక్కదాన్నే ఉన్న. సర్వరొచ్చి నా ముంగట ప్లేటు పెట్టిండు. పొగలొస్తున్నయి. నేను లేస్తలేను, ఎవ్వలకు వడ్డిస్తలేను, ఎవ్వలు పిలుస్తలేరు. ఆ పిల్లగాడు చట్నీ ఇంకింత ఎయ్యాల్నా అమ్మా అని అడిగిండు. ఏడుపొచ్చింది బిడ్డా. ఇడ్లీ తినుకుంటనే ఏడ్సిన. ఎంత మంచిగున్నదో."

"ఇంట్లో చెప్పారా?"

"ఏమని చెప్పాలె? పెద్దింటి కోడలు హోటల్ల ఒక్కతే కూసొని తింటున్నదని చెప్పాల్నా? లైన్ పెద్దగుందని చెప్తున్న."

నిజంగానే ఆ ఇంట్లో వాళ్లంతా గురువారం గుడి దగ్గర లైను చాలా పెద్దదని నమ్ముతూ వచ్చారు.

నేను మొదటిసారి పరీక్ష తప్పిన వారం హోటల్‌కి వెళ్లాను కానీ ఏమీ తినబుద్ధి కాలేదు. విషయం చెప్పి, "నాకేం వద్దు చిన్నమ్మా, ఊరికే కలిసి వెళ్దామని వచ్చా" అన్నాను. ఆమె సర్వర్‌ను పిలిచి పూరీ చెప్పింది. "ఫెయిలైనోళ్లకు ఆకలి కాదని ఎవలన్నరు? పాసైనోళ్లు యాడన్న సంబురంల తింటరు. తినాల్సింది నువ్వే" అంది. నేను తింటుంటే పరీక్ష గురించి ఒక్క ముక్క ఎత్తలేదు. పూరీకి ఆలుగడ్డ కూర ఎంత జారుగా ఉండాలో చెప్తూ కూర్చుంది.

లైను సంగతి ఒక గురువారం బయటపడింది. ఆ రోజు ఆమె రవ్వ దోసె తింటోంది. మాట్లాడుతున్నదల్లా ఆగిపోయింది. నా భుజం మీదుగా తలుపు వైపు చూస్తోంది. నేను తిరిగి చూసేలోగా, ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన మా బల్ల దగ్గరికి వచ్చాడు. వెనక ఇద్దరు మనుషులు, షాపు పని మీద వచ్చినవాళ్లు కాబోలు.

"వదినా! నువ్వేంది ఈడ?"

ఆమె నోట్లో ముద్ద ఉంది. దాన్ని పూర్తిగా నమిలింది, మింగింది, నీళ్లు తాగింది.

"తింటున్న" అంది.

"గుడికాడ లైన్ మస్తుగుందని చెప్పి వచ్చినవ్ గదా?"

"గుడికాడ లైన్ లేదు. ఈడ్నే ఉండె."

వెనకున్న ఇద్దరిలో ఒకాయన నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగాడు. మరిది మొహం ఎర్రబడింది. గొంతు తగ్గించి, "ఇంట్ల ఎవ్వలకన్న చెప్పినవా?" అన్నాడు.

"నువ్వు ఈడికి వస్తున్నవని ఇంట్ల చెప్పినవా?"

"నేను మొగోన్ని వదినా, పని మీద తిరుగుత. ఈమె ఎవ్వలు?"

"నా దోస్తు."

నేను నమస్కారం పెట్టాలో వద్దో తెలియక సగం చేతులెత్తి దించేశాను. అతను ఇంకేమీ అనకుండా తన మనుషులను తీసుకుని దూరంగా ఉన్న బల్లకు వెళ్లి, మావైపు వీపు పెట్టి కూర్చున్నాడు.

మాటలు అంత నిబ్బరంగా చెప్పిందే కానీ, చట్నీ గిన్నె జరపబోతే ప్లేటుకు తగిలి చప్పుడైంది. "వెళ్దామా చిన్నమ్మా?" అన్నాను.

"ఉండు. సగంల లేస్తే తప్పు చేసినట్టుంటది" అంది. మిగిలిన దోసె అంతా తింది. ఆ రోజు రుచి తెలిసి ఉండదు. అయినా చివరి తుంపు దాకా తింది. తిన్నాక ఎప్పటిలాగే కాసేపు కూర్చుంది. అప్పుడు లేచి, మరిది బల్ల పక్క నుంచే నడిచి బయటికి వెళ్లింది.

తర్వాతి గురువారం ఆమె రాలేదు. ఆ పై వారమూ రాలేదు. కుర్చీలో నా బ్యాగు పెట్టి సీటు ఆపాను. జనం ఎక్కువై, సర్వర్ ఇబ్బంది పడుతుంటే తీసేశాను. ఆమె ఇల్లు కొత్తపేటలో అని తెలుసు, ఎక్కడో తెలియదు. ఫోన్ నంబరు కూడా లేదు. ప్రతి వారం కలిసే మనిషికి ఫోన్ ఎందుకు అనుకున్నాం ఇద్దరం. కోడలిగా ఆమె ఇంట్లో ఏం పడుతోందో ఊహించుకుంటూ నేను నా ఇడ్లీ చూస్తూ కూర్చునేదాన్ని.

ఇంట్లో నిజంగానే పంచాయితీ అయిందని తర్వాత చెప్పింది. మరిది అరవలేదు, అత్త మంచం మీద నుంచి అరిచింది. "ఇంట్ల తిండి లేదా? నలుగురు సూస్తే నేను కోడలికి అన్నం పెడ్తలేనని అనుకోరా?" అని. యారాలు, అంటే మరిది భార్య, అటూ ఇటూ కాకుండా నిలబడిందట. చిన్నమ్మ గరిటె కింద పెట్టి, "నేను దొంగతనం చెయ్యలే. అబద్ధమాడిన, గది తప్పే. ఇగ అబద్ధం ఆడ. చెప్పే పోత. వారంల ఒక్క పూట" అందట. ఆమె భర్త అదంతా వింటూ చీర మడత పెడుతూ కూర్చున్నాడట. ఒక్క మాట కూడా అనలేదట. అదే ఆమెకు అన్నిటికంటే కష్టంగా అనిపించింది.

మూడో గురువారం ఆమె వచ్చింది. వెనక భర్త కూడా ఉన్నాడు.

సన్నటి మనిషి. తెల్ల చొక్కా, జేబులో పెన్ను. బల్ల దగ్గరికి వచ్చి నన్ను చూసి, "మా ఆమె దోస్తువు నువ్వేనా బిడ్డా?" అన్నాడు. అవునన్నాను. ఆమె మొహం బిగుసుకుని ఉంది. ఆయన ఎందుకు వచ్చాడో ఆమెకూ తెలియదని నాకర్థమైంది. పొద్దున బయలుదేరుతుంటే చెప్పులు వేసుకుని "నేను గూడ వస్త" అన్నాడట, అంతే.

సర్వర్ వచ్చాడు. ఆయన తనకు చాయ్ చాలన్నాడు. ఆమె మసాలా దోసె చెప్పింది. దోసె వచ్చింది. ఆమె వేడి చూసుకుంది. నడుమ గుచ్చింది, తుంచింది, చట్నీలో అద్దింది. ఆయన చాయ్ గ్లాసు పట్టుకుని చూస్తున్నాడు. తప్పు పట్టేవాడి చూపు కాదు అది. తెలియని ఊళ్లో బస్సు దిగిన మనిషి చూసినట్టు చూస్తున్నాడు.

ఆమెకు ఇబ్బందిగా అనిపించి చెయ్యి ఆపింది. "ఏందయ్యా, గట్ల సూస్తున్నవ్?"

"ఏం లే."

"ఏందో చెప్పు."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "నువ్వు తినంగ నేనెప్పుడు సూడలే" అన్నాడు. "పెండ్లైనకాడికెల్లి ఎప్పుడు సూడలే. ఇయ్యాల్నే సూస్తున్న."

నేను మంచినీళ్ల గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను. ఆమె కళ్లు ఎర్రబడ్డాయి కానీ నీళ్లు కారనివ్వలేదు. ఇంకో తుంపు తుంచింది.

"సూడు మరి" అంది.

ఆయన కాసేపు చూశాడు. తర్వాత సర్వర్‌ను పిలిచి తనకూ ఒక దోసె చెప్పాడు. అది వచ్చాక గబగబా తినేశాడు. ఇంట్లో అలవాటు అలాంటిది. తినగానే లేచి, చేతులు కడుక్కుని, రుమాలుతో తుడుచుకుంటూ తలుపు వైపు నడిచాడు. సగం దూరం వెళ్లాక ఆగాడు. ఆమె ఇంకా తింటోంది. వెనక్కి వచ్చి, ఖాళీ ప్లేటు ముందు మళ్లీ కూర్చున్నాడు. ఆమె తినడం అయ్యేదాకా ఉన్నాడు. అయ్యాక కూడా, ఆమె పద్ధతి తెలియకపోయినా, ఆమె లేచేదాకా లేవలేదు.

వెళ్తూ ఆయన కౌంటర్ దగ్గర మైసూర్ బోండా పార్సిల్ కట్టించాడు. "మా అమ్మకు. ఇయ్యాల జర నోరు మూతపడాలె" అని నాతో మెల్లగా అన్నాడు. చిన్నమ్మ ఆ రోజు నవ్వినంతగా బటూరా రోజున కూడా నవ్వలేదు. తర్వాతి వారం నుంచి ముసలామె తనే అడిగి మరీ పార్సిల్ చెప్పేదట. బోండాలు గట్టిగా ఉన్నాయని, పోయిన వారమే నయమని తీర్పులు కూడా ఇచ్చేదట.

ఆ తర్వాత ఆయన ప్రతి గురువారం రాలేదు. అప్పుడప్పుడు వచ్చేవాడు. యారాలు కూడా వచ్చేది, మొదట్లో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తినేది, నెల తిరగకుండానే కొంగు జారింది. గురువారం పొద్దున అందరికీ హోటల్ టిఫినే, ఆ ఇంట్లో పొయ్యి వెలిగించకపోవడం మామూలైపోయింది. మరిది మాత్రం చాలా కాలం నన్ను చూస్తే తల తిప్పుకునేవాడు.

నాకు ఉద్యోగం వచ్చింది. వేరే జిల్లాల్లో పని చేసి, పెళ్లయ్యాక మళ్లీ ఎల్.బి. నగర్ బ్రాంచికి వచ్చాను. ఈలోగా మెట్రో నడుస్తోంది, కొత్తపేట ఇల్లు అమ్మి వాళ్లు నాగోల్‌లో పక్కపక్కనే ఫ్లాట్లు తీసుకున్నారు. అత్త పోయింది. చిన్నమ్మకు మోకాళ్లు అరిగాయి. దిల్‌సుఖ్‌నగర్ రద్దీలోకి ఎందుకని, ఎల్.బి. నగర్‌లో మెట్లు లేని ఒక వెజిటేరియన్ హోటల్ చూసుకున్నాం. వీలైన గురువారాలు అక్కడ కలిసేవాళ్లం. నేను బ్యాంకుకు పోయే ముందు ఓ గంట.

వాటిలో ఒక గురువారం గురించి చెప్పి ఆపుతాను. చిన్నమ్మ కొడుకు పెళ్లయిన కొత్త. కొత్త కోడలిని తీసుకుని వచ్చింది. భర్త, మరిది కూడా ఉన్నారు. మరిది ఈసారి నన్ను చూసి, "బాగున్నరా మేడం" అని తనే పలకరించి కుర్చీ జరిపాడు. కోడలు చౌటుప్పల్ దగ్గరి పిల్ల. కొత్త గాజులు, పసుపు తగ్గని మంగళసూత్రం. అందరికంటే చివర, కుర్చీ అంచు మీద కూర్చుంది.

సర్వర్ మెనూ కార్డు తెచ్చి మరిది చేతికి ఇవ్వబోయాడు. ఆయన అన్న వైపు చూపించాడు, ఆ అన్న తన భార్య వైపు చూపించాడు. చిన్నమ్మ దాన్ని తీసుకుని కోడలి ముందు పెట్టింది.

"ఏం తింటవో చెప్పు బిడ్డా."

"మీరేది చెప్తే గదే అత్తమ్మా."

"నేను చెప్తే నేను తిన్నట్టయితది. నీకేం గావాల్నో నువ్వు చెప్పు."

ఆ పిల్ల బెదిరిపోయింది. కార్డు తెరిచింది, మూసింది. "నాకు ఏదైనా సరే" అంది. సర్వర్ బరువు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మార్చాడు.

"వదినా, టైం అయితుంది. నువ్వే ఏదన్న ఒకటి చెప్పరాదు పిల్లకు" అన్నాడు మరిది.

"ఏం తొందర? షాపు యాడికన్న ఉరుకుతదా?" అంది ఆమె. కోడలి వైపు తిరిగి, "పైనుంచి సదువు. మొత్తం సదువు. మేం కూసుంటం" అంది.

ఆమె భర్త సర్వర్‌తో, "నువ్వు పొయ్యి రా తమ్మీ. జరంతసేపైనంక రా" అన్నాడు. అతను వేరే బల్లకు వెళ్లిపోయాడు.

ఆ పిల్ల వేలు పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది. మేం నలుగురం ఎదురుచూశాం. నాకు బ్యాంకు టైం దగ్గరపడుతోంది, అయినా లేవాలనిపించలేదు. ఒక చోట వేలు ఆగింది.

"అత్తమ్మా, కట్‌లెట్ అంటే ఏంది?"

"నాకు తెల్వదు బిడ్డా. ఎన్నడు తినలే. తెప్పించుకో, తెలుస్తది. మంచిగ లేకుంటే లేదను."

ఆ పిల్ల ఇంకొంచెం సేపు ఆలోచించింది. కార్డు మూసింది. కుర్చీలో వెనక్కి జరిగి సరిగ్గా కూర్చుంది. హాలు అవతలి వైపు ఉన్న సర్వర్‌ను చూసి, "అన్నా" అని పిలిచింది. అతనికి వినపడలేదు. మరిది పిలవడానికి చెయ్యి ఎత్తబోతే చిన్నమ్మ ఆ చేతిని పట్టుకుని బల్ల మీద ఆనించింది.

ఆ పిల్ల గొంతు సవరించుకుంది. ఈసారి గట్టిగా పిలిచింది.